తెర చీలిక, క్లిక్ ఆలస్యం: పీసీ గేమింగ్‌లో విడదీయలేని రెండు చిక్కులు

కౌంటర్-స్ట్రైక్ లాంటి షూటింగ్ గేమ్‌లో ఆటగాడు అర సెకనులో గిరుక్కున వెనక్కి తిరిగాడనుకుందాం. అంటే సెకనుకు 360 డిగ్రీల వేగం. గేమ్ 60 ఎఫ్‌పీఎస్ దగ్గర, అంటే సెకనుకు 60 ఫ్రేములతో, నడుస్తుంటే ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య 16.7 మిల్లీసెకన్లు గడుస్తాయి. ఆ కాస్త వ్యవధిలోనే చూపు 6 డిగ్రీలు జరుగుతుంది. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద, 90 డిగ్రీల దృశ్యంలో, తెర నడుమ అది దాదాపు 100 పిక్సెళ్ల కదలిక. మానిటర్ పాత ఫ్రేమును పైనుంచి కిందికి గీసుకుంటూ మూడో వంతు వరకు వచ్చిందనీ, సరిగ్గా అప్పుడే గ్రాఫిక్స్ కార్డు కొత్త ఫ్రేమును అందించిందనీ అనుకుందాం. పై మూడో వంతులో పాత బొమ్మ మిగిలిపోతుంది, కిందంతా కొత్త బొమ్మ వస్తుంది. నిటారుగా ఉండాల్సిన తలుపు అంచు ఆ గీత దగ్గర తెగి, కింది ముక్క 100 పిక్సెళ్లు పక్కకు తొలగినట్టు కనిపిస్తుంది. స్క్రీన్ టేరింగ్ అంటే ఇదే.

ఇన్‌పుట్ ల్యాగ్ కంటికి కనిపించదు, చేతికి తెలుస్తుంది. మౌస్ నొక్కిన క్షణానికీ, ఆ నొక్కుడు తెర మీద వెలుగుగా మారిన క్షణానికీ మధ్య గడిచే కాలం అది. గురి కుదిరినట్టే ఉంటుంది కానీ తూటా వెనకబడుతుంది. కారు రేసు గేమ్‌లో మలుపు తిప్పినప్పుడు బండి ఒక పిసరు బద్ధకంగా కదులుతుంది.

ఈ రెండింటినీ వేర్వేరు జబ్బులుగా చూసి, దేని మందు దానికి వాడబోవడం వల్లే చాలామంది గేమర్లు సెట్టింగ్స్ పేజీల్లో దారి తప్పుతారు. మూలం ఒక్కటే. గ్రాఫిక్స్ కార్డు తనకు కుదిరినప్పుడు ఫ్రేములు తయారు చేస్తుంది, మానిటర్ తన గడియారం ప్రకారం వాటిని గీస్తుంది. ఈ రెండు వేళలూ కలవనప్పుడు ఎవరో ఒకరు ఆగాలి. ఎవరూ ఆగకపోతే తెర చీలుతుంది. కార్డు ఆగితే చేతికి ఆలస్యం తగులుతుంది. మానిటరే ఆగేలా చేసే ఏర్పాటు పీసీ గేమర్లకు 2013 తర్వాత గానీ అందుబాటులోకి రాలేదు.

మానిటర్‌కు ఈ గడియారం పాత పిక్చర్ ట్యూబు రోజుల నుంచే సంక్రమించింది. ఆ ట్యూబులో ఎలక్ట్రాన్ల పుంజం ఎడమ నుంచి కుడికి గీతలు గీస్తూ కిందికి దిగేది, అడుగుకు చేరగానే మళ్లీ పైకి వెళ్లేది. మన దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతిలో 625 గీతలు, ఒక్కో పరుగులో వాటిలో సగం చొప్పున, సెకనుకు 50 సార్లు ఈ పరుగు. పుంజం పైకి తిరిగి వెళ్లే ఆ కాస్త విరామాన్ని వర్టికల్ బ్లాంకింగ్ అంటారు. 1977లో వచ్చిన అటారీ 2600లో ఉన్న మెమరీ 128 బైట్లు. పూర్తి బొమ్మను దాచుకునే చోటే లేదు. అందుకే ప్రోగ్రామర్లు పుంజంతో పోటీపడుతూ, అది ఒక్కో గీత మీదకు వచ్చే ముందు ఆ గీతలో ఏముండాలో చిప్‌కు చెప్పేవారు. ఒళ్లు వంచి చేయాల్సిన పని. కానీ తయారైన బొమ్మ వరుసలో నిలబడి వేచి ఉండటమన్నదే లేదు కాబట్టి జాయ్‌స్టిక్ కదలిక దాదాపు వెంటనే తెర మీదకు వచ్చేది.

ఎల్‌సీడీ, ఓలెడ్ తెరల్లో పుంజం లేదు, పద్ధతి మాత్రం మిగిలింది. వరుసల్ని ఇప్పటికీ పైనుంచి కిందికే మారుస్తారు. 1080పీ, 60 హెర్ట్జ్ సిగ్నల్‌లో మొత్తం 1125 గీతలుంటాయి. వాటిలో కనిపించేవి 1080, మిగిలిన 45 ఆ పాత విరామానికి గుర్తు. తెర పైఅంచు వెలిగిన సుమారు 16 మిల్లీసెకన్లకు గానీ కింది అంచు మారదు. మధ్యలో ఉండే గురి గుర్తు దగ్గరకు వచ్చేసరికే 8 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. 240 హెర్ట్జ్ మానిటర్‌లో పై నుంచి కింది దాకా మొత్తం 4 మిల్లీసెకన్ల పనే. రిఫ్రెష్ రేటు పెరిగితే చేతికి హాయిగా ఉండటానికి ఇది మొదటి కారణం.

టేరింగ్‌కు తొలి మందు వీ-సింక్. కార్డు దగ్గర ఫ్రేమును దాచే రెండు బఫర్లుంటాయి. మానిటర్ ఒకదాన్ని చదువుతుంటే కార్డు రెండోదాంట్లో గీస్తుంది. రెండింటినీ తారుమారు చేయడం వర్టికల్ బ్లాంకింగ్ విరామంలోనే జరగాలన్నది వీ-సింక్ నియమం. చీలిక పూర్తిగా పోతుంది. కానీ దానికి కట్టే ధర పెద్దది. 60 హెర్ట్జ్ తెర మీద ఒక ఫ్రేము 17 మిల్లీసెకన్లకు తయారైతే, 0.3 మిల్లీసెకన్ల తేడాతో విరామం తప్పిపోయి తర్వాతి విరామం దాకా ఎదురుచూడాలి. ప్రతి ఫ్రేమూ అలాగే తప్పితే 59 ఎఫ్‌పీఎస్ ఇవ్వగల కార్డు 30 దగ్గర చతికిలపడుతుంది. మూడో బఫర్ చేరిస్తే ఈ పతనం ఆగుతుంది. అయితే తయారైన ఫ్రేములను వచ్చిన వరుసలోనే చూపించే ట్రిపుల్ బఫరింగ్‌లో ఆలస్యం ఇంకా పెరుగుతుంది. పాతవాటిని పారేసి అన్నిటికన్నా తాజా ఫ్రేమునే చూపించే రకం వేరే ఉంది. గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్విడియా 2016లో ఫాస్ట్ సింక్ పేరుతో తెచ్చింది అదే. దానివల్ల ల్యాగ్ తగ్గింది. ఎఫ్‌పీఎస్ రిఫ్రెష్ రేటుకు కొన్ని రెట్లు లేకపోతే మాత్రం కదలిక కుదుపులతో సాగుతుంది.

ఆలస్యమంతా వీ-సింక్ దగ్గరే పుడుతుందనుకోవడం పొరపాటు. ఒక్క క్లిక్ వెంట నడిచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మామూలు యూఎస్‌బీ మౌస్ సెకనుకు 125 సార్లు కంప్యూటర్‌కు కబురిస్తుంది, అంటే 8 మిల్లీసెకన్లకొకసారి. సగటున 4 మిల్లీసెకన్లు అక్కడే పోతాయి. గేమింగ్ మౌస్‌లు సెకనుకు 1000 సార్లు చెబుతాయి కాబట్టి ఆ సగటు అర మిల్లీసెకనుకు దిగుతుంది. 8000 సార్లు చెప్పేవీ 2021 నుంచి మార్కెట్లో ఉన్నాయి. కానీ 8 నుంచి 1కి దిగడంలో ఉన్న లాభం 1 నుంచి 0.125కు దిగడంలో లేదు. ఆ తర్వాత గేమ్ ప్రతి ఫ్రేము మొదట్లో ఒకసారి మౌస్‌ను చదువుతుంది. చదివేసిన మరుక్షణం నొక్కిన క్లిక్ తర్వాతి ఫ్రేము దాకా ఆగాలి. ప్రాసెసర్ శత్రువు ఎక్కడున్నాడో, తూటా ఎటు వెళ్లాలో లెక్కకట్టి, ఏమేం గీయాలో ఆదేశాల చిట్టా రాసి గ్రాఫిక్స్ కార్డుకు పంపుతుంది.

అన్నిటికన్నా పెద్ద ఆలస్యం ఇక్కడ దాక్కుని ఉంటుంది. డైరెక్ట్‌ఎక్స్ మామూలుగా 3 ఫ్రేముల ఆదేశాలను ముందుగా వరుసలో పేర్చనిస్తుంది. కార్డు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదని, ఎఫ్‌పీఎస్ అంకె బాగుండాలని చేసిన ఏర్పాటు ఇది. ప్రాసెసర్ చురుగ్గా ఉండి కార్డు నూటికి 99 శాతం పనిలో మునిగి ఉంటే ఆ వరుస ఎప్పుడూ నిండే ఉంటుంది. 60 హెర్ట్జ్, వీ-సింక్ మీద 3 ఫ్రేముల వరుస అంటే 50 మిల్లీసెకన్లు. మౌస్, లెక్కలు, గీయడం, తెర అన్నీ కలిస్తే 100 దాకా వెళ్లడం వింతేమీ కాదు. వీ-సింక్ ఆపేసినా కార్డు ఊపిరాడకుండా ఉన్నంతకాలం ఈ వరుస కరగదు. అందుకే ఒక గేమ్‌లో కార్డు శక్తినంతా ధారపోసి 90 ఎఫ్‌పీఎస్ ఇస్తుంటే, దానికి 80 దగ్గర కళ్లెం వేయడం వల్ల చేతికి ఆలస్యం తగ్గుతుంది. ఎఫ్‌పీఎస్ తగ్గితే ల్యాగ్ తగ్గడమేమిటని తొలిసారి విన్నవాళ్లు నమ్మరు. కానీ హై-స్పీడ్ కెమెరాలు పెట్టి కొలిచినవాళ్లందరికీ పదే పదే తేలింది ఇదే. నీడల నాణ్యత, రిజల్యూషన్ ఒక మెట్టు దించినా ఫలితం ఇలాగే ఉంటుంది.

కంప్యూటర్లు ఇన్ని రెట్లు వేగవంతమైనా ఈ ఆలస్యం దానంతటదే తగ్గలేదన్నది గట్టిగా చెప్పాల్సిన మాట. డాన్ లూ అనే ప్రోగ్రామర్ 2017లో పాత, కొత్త కంప్యూటర్లను కెమెరాతో కొలిచి చూశారు. కీ నొక్కిన తర్వాత అక్షరం తెర మీదకు రావడానికి 1983 నాటి యాపిల్ 2ఈకి 30 మిల్లీసెకన్లు పట్టింది. దాన్ని ఓడించిన కొత్త యంత్రం ఆయన పట్టికలో లేదు. డూమ్, క్వేక్ గేముల ఇంజిన్లు రాసిన జాన్ కార్మాక్ అంతకుముందే, 2012లో, ఐరోపాకు ఒక ఐపీ ప్యాకెట్ పంపినంత త్వరగా ఒక పిక్సెల్‌ను తెర మీదకు పంపలేకపోతున్నామని వాపోయారు. ఆయన అప్పటికి వర్చువల్ రియాలిటీ మీద పని మొదలుపెట్టారు. తల తిప్పడానికీ బొమ్మ కదలడానికీ మధ్య సుమారు 20 మిల్లీసెకన్లు దాటితే అక్కడ కళ్లు తిరుగుతాయి కాబట్టి, ఆలస్యాన్ని వెతికి పట్టుకునే పని ఆ రంగంలోనే జోరందుకుంది.

మానిటర్‌ను ఆపే ఆలోచన 2013 అక్టోబరులో మాంట్రియల్‌లో బయటికి వచ్చింది. ఎన్విడియా అక్కడ ప్రకటించిన జీ-సింక్‌లో, మానిటర్ లోపలి స్కేలర్ స్థానంలో ఆ సంస్థ సొంత బోర్డు కూర్చుంటుంది. సూత్రం తేలికే: కొత్త ఫ్రేము తయారయ్యేదాకా బ్లాంకింగ్ విరామాన్ని సాగదీస్తూ ఉండాలి. ఫ్రేము రాగానే గీయడం మొదలవుతుంది. చీలిక ఉండదు, విరామం తప్పిపోవడమూ ఉండదు. బోర్డు ఖరీదు వల్ల ఆ మానిటర్లు మామూలు కొనుగోలుదారులకు అందలేదు. మూడు నెలలు తిరగకుండానే, 2014 జనవరిలో లాస్ వెగాస్‌లో, పోటీ సంస్థ ఏఎండీ అదే ఫలితాన్ని మామూలు లాప్‌టాప్‌ల మీద చూపించింది. లాప్‌టాప్ తెరలకు బ్యాటరీ ఆదా కోసం రిఫ్రెష్ రేటు మార్చుకునే వెసులుబాటు ప్రమాణాల్లో అప్పటికే ఉంది. అదే ఏడాది మే నెలలో ప్రమాణాల సంస్థ వీసా దాన్ని అడాప్టివ్-సింక్ పేరుతో డిస్‌ప్లేపోర్ట్ 1.2ఎ లో చేర్చింది. దాని మీద నడిచే ఏఎండీ ఫ్రీసింక్ మానిటర్లు 2015 మార్చిలో వచ్చాయి. 2017లో హెచ్‌డీఎంఐ 2.1 ఇదే గుణాన్ని వీఆర్‌ఆర్ పేరుతో టీవీలకూ తెచ్చింది. తన బోర్డు లేని మానిటర్లను ఎన్విడియా ఒప్పుకున్నది 2019 జనవరిలో. గేమర్లకు దక్కిన నిజమైన మేలు ఆ రోజుదే. తక్కువ ధర మానిటర్ కూడా ఏ కంపెనీ కార్డుతోనైనా చీలిక లేకుండా నడవడం అప్పటి నుంచే మామూలైంది.

వీఆర్‌ఆర్‌కు హద్దులున్నాయి. చాలా మానిటర్ల పరిధి 48 నుంచి మొదలవుతుంది. ఎఫ్‌పీఎస్ 40కి పడిపోతే ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపి 80 హెర్ట్జ్‌గా నడిపించే పద్ధతి ఒకటుంది. పరిధి పైహద్దు కిందిహద్దుకు కనీసం రెట్టింపు ఉంటేనే అది పనిచేస్తుంది. 48 నుంచి 75 పరిధి ఉన్న మానిటర్లు అక్కడే చేతులెత్తేస్తాయి. ఓలెడ్ తెరల్లో రిఫ్రెష్ రేటు ఎగుడుదిగుడుగా మారినప్పుడు చీకటి దృశ్యాలు మినుకుమినుకుమంటాయి. లోడింగ్ స్క్రీన్ల దగ్గర ఇది బాగా కనిపిస్తుంది.

గేమర్లు ఎక్కువగా పట్టించుకోనిది పైహద్దు. 144 హెర్ట్జ్ మానిటర్ మీద గేమ్ 144 దాటిందంటే వీఆర్‌ఆర్ చేతుల్లోంచి పని జారిపోతుంది. వీ-సింక్ వేసి ఉంటే పాత వరుస, పాత ఆలస్యం తిరిగొస్తాయి. తీసి ఉంటే చీలిక వస్తుంది. అందుకే ఎఫ్‌పీఎస్‌ను రిఫ్రెష్ రేటుకు కాస్త కింద కట్టేయాలి. బ్లర్ బస్టర్స్ అనే వెబ్‌సైట్ చేసిన విస్తృత పరీక్షల నుంచి వచ్చిన సలహా కనీసం 3 తక్కువ. తర్వాత చెప్పబోయే ఎన్విడియా రిఫ్లెక్స్ తానే కళ్లెం వేసేటప్పుడు 144కు 138, 240కి సుమారు 225 దగ్గర ఆపుతుంది. జీ-సింక్ వేసి, కంట్రోల్ ప్యానెల్‌లో వీ-సింక్ కూడా వేసి, ఎఫ్‌పీఎస్‌కు ఇలా హద్దు పెట్టడం ఇప్పుడు బాగా స్థిరపడిన అమరిక. జీ-సింక్ ఉండగా వీ-సింక్ ఎందుకని చాలామంది అడుగుతారు. ఒక ఫ్రేము చటుక్కున ముందుగా తయారైనప్పుడు తెర అడుగున సన్నటి చీలిక రాకుండా కాపాడే పని దానిది. హద్దు కింద ఉన్నంతసేపు దానివల్ల చెప్పుకోదగ్గ ఆలస్యం ఉండదు. కళ్లెం కూడా వీలైతే గేమ్ లోపలి సెట్టింగ్‌తోనే వేయాలి. అది మౌస్‌ను చదవడానికి ముందే ఆగుతుంది. రివా ట్యూనర్ లాంటి బయటి సాఫ్ట్‌వేర్ ఫ్రేముల వేళను చక్కగా సమం చేస్తుంది కానీ కాస్త ఆలస్యాన్ని కలుపుతుంది.

వరుసను మొదలంటా తీసేసే పని రిఫ్లెక్స్‌ది. 2020 సెప్టెంబరులో వచ్చిన ఈ ఏర్పాటును గేమ్ తయారు చేసేవారే తమ కోడ్‌లో చేర్చుకోవాలి. కార్డు ఎప్పుడు ఖాళీ అవుతుందో అంచనా వేసి, ప్రాసెసర్‌ను అప్పటిదాకా ఆపి, చివరి క్షణంలో మౌస్‌ను చదివిస్తుంది. ఫోర్ట్‌నైట్, వాలరెంట్, ఏపెక్స్ లెజెండ్స్ మొదట దీన్ని అందుకున్నాయి. ఏఎండీ యాంటీ-ల్యాగ్ 2019 నుంచే ఉన్నా అది డ్రైవర్ స్థాయిలో పనిచేసేది, గేమ్ లోపలి వేళలు దానికి తెలియవు. ఆ కొరత తీర్చబోయి 2023లో తెచ్చిన యాంటీ-ల్యాగ్ ప్లస్ గేముల కోడ్‌లోకి చొరబడి ఫంక్షన్లను దారి మళ్లించింది. అప్పుడే విడుదలైన కౌంటర్-స్ట్రైక్ 2లో మోసాలను పట్టే వ్యవస్థ దీన్ని దొంగాటగా లెక్కగట్టి ఆటగాళ్లను నిషేధించింది. ఆ సెట్టింగ్ ముట్టుకోవద్దని ఆ గేమ్ తయారు చేసిన వాల్వ్ హెచ్చరించింది, ఏఎండీ ఆ డ్రైవర్‌నే వెనక్కి తీసుకుంది. 2024లో వచ్చిన యాంటీ-ల్యాగ్ 2 బుద్ధిగా గేమ్ తయారీదారుల చేతుల మీదుగా కౌంటర్-స్ట్రైక్ 2లోకి వచ్చింది. ఇంటెల్ కూడా అదే ఏడాది డిసెంబరులో తన ఆర్క్ బీ580 కార్డుతో ఇలాంటి ఏర్పాటునే ఇచ్చింది. గేమ్ సెట్టింగ్స్‌లో వీటిలో ఏది కనిపించినా ఆన్ చేయడం మేలు. ఒకటి రెండు ఎఫ్‌పీఎస్ తగ్గినా బెంగపడక్కర్లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌దీ ఇందులో వాటా ఉంది. విండోస్ విస్టా నుంచి డెస్క్‌టాప్ మీద కిటికీలన్నింటినీ కలిపి ఒకే బొమ్మగా పేర్చే కంపోజిటర్ వచ్చింది. బోర్డర్‌లెస్ విండోలో ఆడే గేమ్ దాని గుండా వెళ్లేది. చీలిక ఉండేది కాదు, ఆలస్యం మాత్రం తోడయ్యేది. ఫుల్‌స్క్రీన్‌లోనే ఆడాలన్న పాత సలహా అక్కడిది. విండోస్ 10 నుంచి ఫ్లిప్ మోడల్ అనే పద్ధతి వాడే గేములు బోర్డర్‌లెస్‌లోనూ కంపోజిటర్‌ను తప్పించుకుని నేరుగా తెరకు వెళ్లగలుగుతున్నాయి. విండోస్ 11లో విండోడ్ గేముల ఆప్టిమైజేషన్ సెట్టింగ్ ఆన్ చేస్తే పాత గేములకూ ఆ దారి దొరుకుతుంది. లినక్స్‌లో వేలాండ్ అనే డిస్‌ప్లే వ్యవస్థ రూపకర్తలు అసలు చీలికన్నదే ఉండకూడదన్న పట్టుదలతో మొదలయ్యారు. డాక్యుమెంట్ చదివేవారికి అది వరమే. ఆలస్యం కన్నా చీలికే నయమనుకునే ఆటగాడి మాటకూ విలువుందని ఒప్పుకుని, 2022లో టేరింగ్‌ను అనుమతించే ప్రోటోకాల్ చేర్చారు.

చీలికనే ఎంచుకునే ఈ ఆటగాళ్లు పోటీ ఆటల్లో ఎక్కువ. వారి లెక్కలో తర్కముంది. మొదట చెప్పిన మలుపునే 240 హెర్ట్జ్ తెర మీద 240 ఎఫ్‌పీఎస్‌తో తిరిగితే రెండు ఫ్రేముల మధ్య చూపు జరిగేది 1.5 డిగ్రీలే. చీలిక 100 పిక్సెళ్ల నుంచి 25కు తగ్గుతుంది, అదీ 4 మిల్లీసెకన్లలో మాయమవుతుంది. పైగా వీ-సింక్ లేనప్పుడు చీలిక గీత కింద కనిపించే భాగం అన్నిటికన్నా తాజాది. 2023లో ఆసుస్ 540 హెర్ట్జ్ మానిటర్ తెచ్చాక కొందరికి సింక్ అవసరమే లేకుండా పోయింది. తీరిగ్గా కథ నడిచే గేములు ఆడేవారికి, 60 నుంచి 100 ఎఫ్‌పీఎస్ మధ్య తిరిగే మధ్యరకం పీసీలకు మాత్రం వీఆర్‌ఆర్‌ను మించింది లేదు.

కొనేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. పెట్టె మీద రాసే 1 మిల్లీసెకను రెస్పాన్స్ టైమ్ ఒక పిక్సెల్ రంగు మారడానికి పట్టే కాలం. అది బొమ్మ మసకను చెబుతుంది, ఇన్‌పుట్ ల్యాగ్‌ను కాదు. టీవీకి పీసీ తగిలించి ఆడేవారు గేమ్ మోడ్ వేయకపోతే, బొమ్మను నునుపు చేసే ప్రాసెసింగ్ వల్ల 50 నుంచి 100 మిల్లీసెకన్లు అదనంగా మోయాల్సి వస్తుంది. గేమ్ మోడ్‌లో అదే టీవీ 10, 15కు దిగుతుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొని, విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 దగ్గరే వదిలేసి నెలల తరబడి ఆడేవాళ్లూ తక్కువేమీ కాదు.

ఇంటర్నెట్ మీదుగా సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే కాలం, అంటే పింగ్ సంగతి వేరు. వాలరెంట్‌కు ముంబైలో సర్వర్లున్నాయి. హైదరాబాద్ నుంచి ఆడే కుర్రాడి సిగ్నల్ సుమారు 700 కిలోమీటర్లు వెళ్లాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి వెళ్లి రావడానికి కనీసం 7 మిల్లీసెకన్లు పడుతుంది. మధ్యలోని రౌటర్ల వల్ల అది కొన్ని రెట్లవుతుంది. గేమ్ ఆ అంకెను మూలన చూపిస్తుంది కాబట్టి తప్పంతా ఇంటర్నెట్ మీదకు పోతుంది. తన గదిలోనే, మౌస్‌కూ తెరకూ మధ్య, అంతకు రెట్టింపు ఆలస్యం ఉండొచ్చని అతనికి తోచదు. తేల్చుకోవడం సులువు. నెట్ అవసరం లేని ప్రాక్టీస్ రేంజ్‌లోనూ మౌస్ బరువుగా అనిపిస్తే లోపం ఇంట్లోనే ఉంది.

2022 అక్టోబరులో ఎన్విడియా డీఎల్‌ఎస్ఎస్ 3తో వచ్చిన ఫ్రేమ్ జెనరేషన్ ఈ లెక్కలన్నింటికీ కొత్తగా చిక్కుముడి వేసింది. రెండు అసలు ఫ్రేముల మధ్య ఒకటి ఊహించి గీయాలంటే రెండో ఫ్రేము వచ్చేదాకా మొదటిదాన్ని పట్టి ఉంచాలి. ఎఫ్‌పీఎస్ అంకె పెరుగుతుంది, ఆలస్యమూ కొంత పెరుగుతుంది. ఆ భారాన్ని తగ్గించడానికే ఎన్విడియా దానితోపాటు రిఫ్లెక్స్‌ను తప్పనిసరి చేసింది. 2025లో ఒక అసలు ఫ్రేముకు మూడు ఊహా ఫ్రేములు చేర్చే పద్ధతి వచ్చాక, తెర మీద 200 చూపిస్తున్న గేమ్ ఆటగాడి మౌస్‌ను సెకనుకు 50 సార్లే చదువుతుండవచ్చు. కళ్లకు నునుపు, చేతికి 50 ఎఫ్‌పీఎస్ బరువు.

ఆ ఏడాది జనవరిలోనే ప్రకటించిన రిఫ్లెక్స్ 2 మరో దారి పట్టింది. ఫ్రేము గీయడం పూర్తయ్యాక, తెరకు పంపే ముందు, మౌస్ తాజా స్థానాన్ని మళ్లీ చూసి బొమ్మను ఆ మేరకు పక్కకు జరుపుతుంది. జరపడం వల్ల ఏర్పడిన ఖాళీలను పాత ఫ్రేముల సమాచారంతో పూడుస్తుంది. వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలలో టైమ్‌వార్ప్ పేరుతో కార్మాక్ ప్రచారంలోకి తెచ్చిన ఉపాయానికి ఇది దగ్గరి చుట్టం. ద ఫైనల్స్ గేమ్‌లో మామూలుగా 56 మిల్లీసెకన్లున్న ఆలస్యం రిఫ్లెక్స్‌తో 27కు, రిఫ్లెక్స్ 2తో 14కు దిగిందని ఎన్విడియా తన ప్రకటనలో చూపింది. 1983 నాటి యాపిల్ 2ఈ కొలతకు అది సగం కన్నా తక్కువ.